జెడ్ చావుకి బాధ్యులెవరు

ఒకరు: అన్నా, ముందే చెప్పేస్తున్నా. గ్రాండాడీ బ్యాండ్ తెచ్చిన ‘ది సాఫ్ట్‌వేర్ స్లంప్’ టెక్నాలజీ మీద వేసిన కేసు. 2000 మార్చి 10న నాస్డాక్ సూచీ 5,048 దాకా ఎక్కి, అక్కణ్ణుంచి జారడం మొదలుపెట్టింది. మే నెలలో ఈ ఆల్బమ్ వచ్చింది. డాట్‌కామ్ షేర్లు కొన్నవాళ్ళు ‘ఏముందిలే, మళ్ళీ లేస్తుంది’ అనుకుంటున్న రోజులవి. అప్పటికే కాలిఫోర్నియాలో ఆ బ్యాండ్ పాటగాడు జేసన్ లైటిల్ పాడేసి కూర్చున్నాడు. తాగి చచ్చిపోయిన రోబో, దారీ తెన్నూ తెలియని పైలట్, అడవిలో పారేసిన ఇంటి సామాన్లు, వేరే గ్రహం మీద గనిలో పనిచేస్తూ తన ఊరిని చూపించే మిషన్ ముందు నిలబడ్డ కార్మికుడు. మొత్తం పదకొండు ట్రాకులు, ముప్పావు గంట పైచిలుకు. ఇంతమందిని ఒంటరివాళ్ళను చేసిందేమిటని అడిగితే జవాబు ఒక్కటే.

మరొకరు: ఆ జవాబు నువ్వు ముందే రాసుకుని వచ్చావు తమ్ముడూ. కేసు ఉంది, కాదనను. ముద్దాయి ఎవరన్నదే పేచీ. ‘జెడ్ ది హ్యూమనాయిడ్’ పాటే తీసుకో. కొందరు కలిసి వంటింట్లో, చేతికి దొరికిన వస్తువులతో ఒక రోబోని తయారుచేస్తారు. వాడు నడుస్తాడు, పరుగెడతాడు, పాడతాడు, చిక్కు లెక్కలు తేలుస్తాడు. చేసినవాళ్ళు మురిసిపోయి తమ భుజాలు తామే చరుచుకుంటారు. రెండేళ్ళు గడిచేసరికి వాడి మీద ధ్యాస తగ్గుతుంది. ఏదో సదస్సు ఉందని అందరూ వెళ్ళిపోతారు. ఇంట్లో ఉన్న మందు జెడ్ కంటపడుతుంది. చుక్క మిగల్చకుండా తాగేసి, గిలగిలా కొట్టుకుని, ఆగిపోతాడు. ఇందులో యంత్రం చేసిన పాపం ఏముంది? అది ఎవర్నీ విడదీయలేదు, ఎవరి ఉద్యోగమూ లాక్కోలేదు. ఎదురు చూసింది, అంతే. వదిలేసి వెళ్ళింది మనుషులు.

ఒకరు: ధ్యాస ఊరికే తగ్గలేదు కదా. కొత్తవి కనిపెట్టారు కాబట్టి తగ్గింది. ఆ సంగతి పాటలోనే ఉంది, మీరు చెప్పకుండా దాటేశారు. సమాచారం పెరిగేకొద్దీ ధ్యాసకి కరువొస్తుందని హెర్బర్ట్ సైమన్ 1971లోనే అన్నాడు. జెడ్ కథ ఆ కరువు కథ. యంత్రాల లోకంలో వదిలేయడం పొరపాటున జరిగేది కాదన్నా, దాని నడకే అంత. కొత్తది అమ్ముడు కావాలంటే పాతది పనికిరానిదై తీరాలి.

జపాన్‌లో ఏం జరిగిందో చూడండి. జెడ్ పాటకి ఏడాది ముందు, 1999లో సోనీ కంపెనీ ‘ఐబో’ అనే రోబో కుక్కని అమ్మకానికి పెట్టింది. అక్కడ 3,000 కుక్కలు ఇరవై నిమిషాల్లో అమ్ముడైపోయాయి. 2006లో తయారీ ఆపేశారు. 2014లో మరమ్మతు కూడా ఆపేశారు. కొన్న ముసలివాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, పెంచుకున్న కుక్కలకి మాత్రం వైద్యుడు లేడు. చివరికి చిబా ప్రాంతంలోని ఇసుమి ఊళ్ళో ఒక బౌద్ధ ఆలయంలో వాటికి అంత్యక్రియలు చేశారు. వరసగా పేర్చి, మెడలో చీటీలు కట్టి, పూజారి మంత్రాలు చదివాడు. లైటిల్ పాటలో ఊహించింది పదిహేనేళ్ళకి నిజంగానే జరిగింది. అక్కడ మాత్రం కొన్నవాళ్ళు వదిలేయలేదు, అమ్మినవాడు వదిలేశాడు. అమ్మినవాడు దయ లేనివాడని నేననను. వాడి వ్యాపారం అలా నడుస్తుంది.

మరొకరు: నువ్వు చెప్పినదాంట్లోనే నాకు కావలసింది ఉంది. ఆ కుక్కల్ని బాగుచేయడానికి సోనీలో పనిచేసి బయటికొచ్చిన ఇంజనీర్లే పూనుకున్నారు. చచ్చిపోయిన కుక్కల భాగాలు తీసి, బతికున్నవాటికి అమర్చారు. అవయవదానం అన్నమాట. అందుకే ముందు ఆ పూజలు. ఇనప కుక్క కోసం కన్నీళ్ళు పెట్టుకున్న మనుషుల్ని చూపించి, టెక్నాలజీ మనిషి గుండెని ఎండగట్టిందంటే ఎలా? అంతకు ముందు 1996లో టమగోచీ వచ్చింది. గుడ్డు ఆకారంలో చిన్న బొమ్మ, లోపల తెర మీద ఒక ప్రాణి. పట్టించుకోకపోతే చచ్చిపోయేది. స్కూలుకి వెళ్ళిన పిల్లలు దాన్ని తల్లుల చేతిలో పెట్టి, వేళకి తిండి పెట్టమని అప్పగించేవాళ్ళు. జెడ్ ఆ తరం వాడే.

ఈ ఆల్బమ్‌ని అందరూ రేడియోహెడ్ ‘ఓకే కంప్యూటర్’ పక్కన పెడతారు. 1997 నాటి ఆ ఆల్బమ్‌లో ఒక ట్రాక్ అంతా మాకింటాష్ కంప్యూటర్ గొంతే వినిపిస్తుంది. మంచి పౌరుడిగా బతకడానికి ఏమేం చేయాలో పొడిగా చదువుకుంటూ పోతుంది. వింటే ఒళ్ళు జలదరిస్తుంది. అక్కడున్నది భయం. లైటిల్ భయపడడు, యంత్రాన్ని చూసి జాలిపడతాడు. ఆ తేడాని వదిలేస్తే ఈ ఆల్బమ్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా మిగిలేది లేదు.

ఒకరు: జాలి అన్నది ఒప్పుకుంటున్నా. అదే దీని గొప్పతనం, ఆ మాటలో మీతో పేచీ లేదు. కానీ ఆ జాలి ఎవరికి ఖర్చవుతోందో చూశారా? జెడ్‌కి ఒక పాట సరిపోలేదు. ‘జెడ్స్ అదర్ పోయెమ్’ అని వాడు రాసిన కవితకి ఇంకో పాట. అంతకు ముందు 1999 ఈపీలోనే వాడి కవిత ఒకటి వచ్చేసింది. ఆల్బమ్‌లో ఇంకే మనిషికీ అంత కథ లేదు, అంత లాలన లేదు. పైలట్‌ని ప్రశ్నలు అడుగుతూ పోతారు, వాడు తిరిగి మాట్లాడినట్టే ఉండదు. మనిషి మీద జాలిపడటం కష్టమైపోయి యంత్రం మీద పడుతున్నాడు ఈ పాటగాడు. దూరం పెరిగిందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

మరొకరు: గట్టి మాటే. దానికి సూటి జవాబు నా దగ్గర లేదు, పక్క నుంచి వస్తాను. వాళ్ళది మొడెస్టో. సిలికాన్ వ్యాలీ కాదు. అక్కణ్ణుంచి కొండలు దాటి తూర్పుకి వస్తే సెంట్రల్ వ్యాలీ, బాదం తోటలు, ద్రాక్ష తోటలు, ‘గ్యాలో’ అనే వైన్ కంపెనీ. ఊరి మొదట్లో నీళ్ళు, సంపద, తృప్తి, ఆరోగ్యం అని రాసిన కమాను 1912 నుంచీ ఉంది. శాన్ హోసేలో కంప్యూటర్ తయారైతే దాని డబ్బు ఇక్కడిదాకా రాలేదు, దాని డబ్బాలు వచ్చాయి. లైటిల్ ఆ ఊరివాడు. స్కేట్‌బోర్డ్ మీద పేరు తెచ్చుకుంటూ ఉండగా మోకాలు దెబ్బతిని సంగీతంలోకి మళ్ళాడు. ఈ ఆల్బమ్ చాలావరకు ఊరవతల ఒక ఫార్మ్‌హౌస్‌లో, ఒంటరిగా, తన పరికరాల మీదే రికార్డు చేసుకున్నాడు. ఇరవయ్యేళ్ళు వెనక్కి వెళ్తే ఇలాంటివాడు లాస్ ఏంజెలెస్ పోయి, స్టూడియోవాళ్ళ చుట్టూ తిరిగి, గంటకింతని కట్టాల్సి వచ్చేది. చవక కీబోర్డులూ, ఇంట్లో పెట్టుకునే రికార్డింగ్ సామగ్రీ వచ్చాయి కాబట్టి వాడు తన ఊళ్ళో తను ఉండగలిగాడు. నువ్వు ముద్దాయి అంటున్నవాడే ఈ పాటకి తల్లి.

ఒకరు: తల్లి అంటే తల్లే, సరే. కానీ చూడండి, మీరే అన్నారు, ఒంటరిగా అని. బ్యాండులో ఐదుగురు. డ్రమ్స్, బేస్, గిటార్, కీబోర్డు వాయించేవాళ్ళు ఉండగా పాటలు చాలావరకు ఒక్కడి గదిలో తయారయ్యాయి. యంత్రం వాడికి ఊరిని మిగిల్చింది, పక్కన కూర్చుని వాయించేవాణ్ణి అక్కర్లేకుండా చేసింది. 2006లో బ్యాండు విడిపోయింది. దానికి ఇదే కారణమని నేననను, డబ్బు ఇబ్బందులూ అలసటా ఉన్నాయి. కానీ ఈ రోజు ప్రతి పాటగాడూ పడకగదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని ఐదుగురి పనీ తనే చేసుకుంటున్నాడు. దాన్ని స్వేచ్ఛ అంటున్నాం.

మరొకరు: స్వేచ్ఛే. నచ్చనివాడితో ఒకే గదిలో కూర్చుని వాయించడం ఎప్పుడూ సమాజసేవ కాలేదులే. సరే, అసలు సంగతికి రా. ‘ది క్రిస్టల్ లేక్’ పాట ఉంది కదా, అందులో ఒకడు సరస్సు వదిలిపెట్టి, చెట్లు కూడా నకిలీవైన చోటికి వచ్చి ఏడుస్తుంటాడు. యంత్రమే దోషి అయితే లైటిల్ ఏం చేయాలి? తిరిగి రమ్మని సరస్సు చేత పిలిపించాలి. పిలిపించాడా? ఆ సరస్సు నవ్వుతుంది. వీడు ఈ కాలపు మనిషి, వచ్చినా నిలవడు అని దానికి తెలుసు. ప్రకృతి ఒళ్ళోకి పారిపోవడం అనే పాత మందుని కూడా ఈ ఆల్బమ్ నమ్మలేదు. మన సినిమాల్లో హీరో సిటీ వదిలేసి పల్లెకి రాగానే అన్నీ సర్దుకుంటాయే, ఆ సుఖం ఇక్కడ లేదు.

ఒకరు: సరస్సు నవ్వడం నాకు సాయం అన్నా, మీకు కాదు. వెనక్కి వెళ్ళే దారి మూసుకుపోయిందనే కదా దానర్థం? మూసిందెవరు?

ఇంకోటి. ‘బ్రోకెన్ హౌస్‌హోల్డ్ అప్లయన్స్ నేషనల్ ఫారెస్ట్’. చెడిపోయిన ఏసీలూ ఓవెన్లూ అడవిలో పడేస్తారు. ఫ్రిజ్‌లో కప్పలు కాపురం పెడతాయి, ఓవెన్ తలుపులోంచి గుడ్లగూబ ఎగిరిపోతుంది. మీలాంటివాళ్ళు ఇది విని ‘చూశావా, యంత్రమూ ప్రకృతీ రాజీ పడ్డాయి’ అంటారు. ఆల్బమ్‌లో నాకు కోపం తెప్పించే చోటు అదొక్కటే. 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసిందని లెక్కకి వచ్చింది అందులో నాలుగో వంతు కూడా లేదు. మిగతాదాంట్లో కప్పలు లేవు. ఢిల్లీ సీలంపూర్‌కి వెళ్తే వైర్లు కాల్చి రాగి తీసేవాళ్ళు ఉన్నారు, బోర్డుల్ని యాసిడ్‌లో నానబెట్టేవాళ్ళు ఉన్నారు. ఘనాలో అక్రా నగరంలోనే అగ్బోగ్బ్లోషీ అనే చోట ఏళ్ళ తరబడి ఆ పొగ కమ్ముకుని ఉండేది. వంటింట్లో జెడ్‌ని తయారుచేసినవాళ్ళు ఆ పొగ పీల్చరు. ఒంటరితనం గురించి ఆల్బమ్ చేసుకునే తీరిక ఒక దేశానికి, చెత్త ఇంకో దేశానికి.

మరొకరు: అక్కడ నేను నీతోనే ఉన్నాను. ఆ పాట అందంగా ఉంది, ఆ అందం కొంచెం సులువుగా వచ్చింది. కాకపోతే పాత వస్తువుకి మళ్ళీ పని ఇచ్చినవాళ్ళు కూడా ఉన్నారు, అది చెప్పకపోతే అన్యాయం. స్టూవర్ట్ స్మిత్ అనే ఆయన, బ్యాండువాళ్ళు అడక్కుండానే, ‘జెడ్స్ అదర్ పోయెమ్’ పాటకి ఒక వీడియో తయారుచేశాడు. దేని మీద? 1979 నాటి యాపిల్ టూ కంప్యూటర్ మీద. మూలపడ్డ మిషన్‌కి ప్రోగ్రాం రాసి, తెర మీద అక్షరాల్ని పాటతో పాటు నడిపించాడు. ఆ ప్రోగ్రాంని ఎవరైనా వాడుకోండని ఇచ్చేశాడు. చివరికి బ్యాండువాళ్ళే దాన్ని తమదిగా ఒప్పుకున్నారు. కొత్తది రాగానే పాతది చస్తుందన్న నీ సూత్రానికి కనీసం ఒక మినహాయింపు.

ఒకరు: ఒక మినహాయింపు. సరే, రాసుకున్నా.

మరొకరు: ఎగతాళి చేయకు. నేనసలు ఎందుకింత వాదిస్తున్నానో చెబుతా. నేను 1999లో హెచ్-1బి వీసా మీద అమెరికాలో దిగినవాణ్ణి. కోటా 65,000 నుంచి 1,15,000కి పెంచిన ఏడది. వైటూకే పుణ్యమా అని అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్నవాళ్ళు కూడా విమానం ఎక్కారు. మార్కెట్ పడింది, బెంచి మీద కూర్చున్నాం. ఒక్కో ఫ్లాట్‌లో నలుగురైదుగురం. కాలింగ్ కార్డు గీకి, పిన్ నంబర్ కొట్టి, అమ్మ ఫోన్ దగ్గరికి వచ్చేలోపే నిమిషాలు కరిగిపోతుంటే గుండె దడదడలాడేది. ఆ రోజుల్లో దూరాన్ని యంత్రం తెచ్చిందని ఎవరైనా అని ఉంటే నవ్వేవాళ్ళం. దూరాన్ని తెచ్చింది విమానం, జీతం, మా సొంత కోరిక. ఆ తీగ ఒక్కటే మమ్మల్ని పట్టి ఉంచింది. ఇప్పుడు మొడెస్టోకి కాస్త పడమరన మౌంటెన్ హౌస్ అని కొత్త ఊరుంది, నిండా మనవాళ్ళే. పొద్దున్నే ఆల్టమాంట్ కొండ దాటి బే ఏరియాకి ఉద్యోగాలకి పోతారు, రాత్రి పిల్లల చేత తాతయ్యతో మాట్లాడిస్తారు. టెక్నాలజీ మనుషుల్ని విడదీసిందన్న ఫిర్యాదు, పుట్టిన ఊళ్ళోనే ఉండి అందరూ అందుబాటులో ఉన్నవాడు చేసేది. మాలాంటివాళ్ళం చేయలేం.

ఒకరు: ఆ మాటకి ఎదురు చెప్పాలంటే నోరు రాదు. అయినా చెబుతా. ‘మైనర్ ఎట్ ది డయల్-ఎ-వ్యూ’లో ఆ గని కార్మికుడు చేసేదేమిటి? పరాయి గ్రహం మీద నిలబడి, మిషన్‌లో తన ఇంటి చోటు నొక్కి, చూసుకుంటాడు. గూగుల్ ఎర్త్ 2005లో వచ్చింది. ఐదేళ్ళ ముందే లైటిల్ దాన్ని పాడేశాడు. మీరు కూడా ఎప్పుడో ఒక రాత్రి మీ ఊరి పేరు కొట్టి, పైనుంచి మీ ఇంటి డాబా వెతికే ఉంటారు.

మరొకరు: వెతికాను. వేపచెట్టు కొట్టేశారని అలాగే తెలిసింది.

ఒకరు: ఫోన్‌లో ఎవరూ చెప్పలేదా?

మరొకరు: చెప్పలేదు. అందులో చెప్పడానికేముందని అనుకుని ఉంటారు.

ఒకరు: నేననేది అక్కడే ఉందన్నా. రోజూ వీడియోలో కనపడుతున్నారు కాబట్టి వెళ్ళడం వచ్చే ఏడాదికి వాయిదా పడుతుంది. కాలింగ్ కార్డు రోజుల్లో దూరం నొప్పిగా ఉండేది, ఆ నొప్పి మనిషిని టికెట్ కొనేలా చేసేది. ఇప్పుడు నొప్పి లేదు. చూడ్డానికి వీలుంది కాబట్టి కార్మికుడు ఇంకా గనిలోనే ఉన్నాడు. ఆ మిషన్ అక్కడ పెట్టింది కంపెనీయే అయి ఉంటుందని నా అనుమానం.

మరొకరు: సగం ఇస్తున్నా. నొప్పి తగ్గిందన్నది నిజం. కానీ నొప్పి కోసం తీగ తెంచుకోమంటావా? కోవిడ్ అప్పుడు మా వీధిలో ఒకాయన తండ్రి అంత్యక్రియలు ఫోన్ తెర మీద చూశాడు. అది చాలదు, ఎవరికీ చాలదు. అదీ లేకపోతే?

అదే ఏడు, 2020లో, లైటిల్ ఈ ఆల్బమ్ మొత్తాన్ని మళ్ళీ పాడాడు. ఈసారి ఒక్క పియానో, ఒక్క గొంతు. సింథసైజర్లు లేవు, బీప్ శబ్దాలు లేవు. నీ వాదన నిజమైతే యంత్రాల్ని తీసేశాక ఆ పాటల్లో కాస్త వెచ్చదనం రావాలి. వచ్చిందా? ఒంటరితనం ఇంకా పెరిగింది. అది కీబోర్డులో లేదు తమ్ముడూ, పాటలోనే ఉంది. 1920లో పుట్టినా వాడు ఇవే పాడేవాడు, రోబో బదులు ముసలి గుర్రం ఉండేది.

ఒకరు: ఆ పియానో రికార్డు నాకు ఇబ్బందిగా ఉన్నది వేరే కారణానికి. అందులో జెడ్ నాకు కనపడలేదు. పాత రికార్డులో ఆ చవకబారు కీబోర్డు మూలుగుతుంటే, జెడ్ తన చావు తనే చెప్పుకుంటున్నట్టు ఉండేది. పియానో మీద అది ఎవరో మర్యాదస్తుడు చదివిన సంతాప సందేశం. మీకు అనుకూలంగా ఇంకో ముక్క కూడా ఇస్తున్నా: ఆల్బమ్‌లో నన్ను ఏడిపించింది మనిషి గొంతు కాదు, మిషన్ గొంతు. దాన్ని నా కేసులో ఎక్కడ పెట్టాలో నాకింకా తెలియలేదు.

మరొకరు: తెలియకపోవడమే మంచిది. తెలిస్తే నువ్వు వ్యాసం రాసేస్తావు.

ఒకరు: రాయను గానీ, ఇది వినండి. ఇప్పుడు జెడ్‌లు వంటింట్లో లేరు, జేబుల్లో ఉన్నారు, తిరిగి మాట్లాడుతున్నారు. రెప్లికా అనే చాట్‌బాట్ యాప్‌తో ప్రేమలో పడినవాళ్ళున్నారు. 2023 ఫిబ్రవరిలో కంపెనీ ఆ బాట్ల సరసాన్ని తీసేసింది. రాత్రికి రాత్రి తమ మనిషి ఎవరో తెలియనట్టు మారిపోయిందని వాళ్ళు గోలపెట్టారు. పాట తిరగబడింది. యంత్రం క్షేమంగానే ఉంది, ఇంట్లో మిగిలిపోయి తాగేది మనిషి.

మరొకరు: తీసేసింది ఎవరు? మళ్ళీ ఒక కంపెనీ, మళ్ళీ కొందరు మనుషులు.

ఒకరు: ప్రతిసారీ ఇదే జవాబైతే యంత్రం ఎప్పటికీ నిర్దోషే. అమెరికాలో తుపాకులు అమ్మేవాళ్ళదీ ఇదే మాట.

మరొకరు: తుపాకీ పాడదు, కవిత రాయదు. రెంటినీ ఒక గాటన కట్టకు. నా ప్రశ్న చిన్నది. ఆ సదస్సుకి వెళ్ళకుండా వాళ్ళలో ఒక్కడు ఇంట్లో ఉండిపోయి ఉంటే జెడ్ బతికేవాడా, లేదా?

ఒకరు: ఉండిపోయినవాడు సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉంటేనో?

మరొకరు: 2000లో ఫోన్‌లో చూసుకోవడానికి ఏముంది?

ఒకరు: అదే కదా అన్నా, నేననేది.

మరొకరు: అయినా వాడు చచ్చిపోయింది ఆ ఏడే కదా. నేననేది అది.